దుమ్ము రంగు కాదు

తాడిపత్రిలో పాలిష్ మిషన్లు రాత్రి పదకొండుకు ఆగుతాయి.
గాలి మాత్రం ఇంకో గంట తెల్లగానే ఉంటాది,
బండపిండి పైనుంచి దిగేదాకా.
నేను మిద్దె మీద కాచుకుంటాను.

ఇరవై రెండేళ్ళు బండల్ని నున్నగా చేసిన చేతులు
ఎనిమిది నెలలు ఒక గాజుబిళ్ళను అరగదీసినాయి.
జేనకు తక్కువ వెడల్పు,
నడిమధ్య జొన్నగింజలో సగమంత లోతు.
"కుళ్ళాయప్పా, రాయిని చదును చేసేటోడివి,
అద్దానికి గుంత తీస్తాండావా?" అని నవ్వినారు.
గొట్టం, బోరుకు వేయగా మిగిలిన పైపు.

దానికి పేరు లేదు. పట్టికలో ఒక అంకె.
వట్టి కంటితో సూటిగా చూస్తే పోతాది,
పక్కకు చూస్తే వస్తాది,
బాకీ పడినోడు సంతలో కనపడినట్టు.
కానీ పక్కచూపుకు రంగు అందదు.
రంగు కావాలంటే అద్దంలోనే, సూటిగానే,
ఫోకస్ ఒక పిసరు చెడగొట్టి చూడాల.
చుక్క బిళ్ళలా పరుచుకుంటాది.
నారింజ అని రాసినారు పుస్తకంలో.
నాకైతే నివురు ఊదితే బయటపడే బొగ్గు.

ఆ రాత్రి అది సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం పక్కన లేచింది.
పీరమ్మ ఒక కన్ను మూసి చూసి,
"అది మన దుమ్ము రంగు,
ఈ ఊర్లో చందమామ గూడ అట్లే లేస్తాడు" అనింది.
నిజమే.
నా గుడ్డల్లో, దగ్గులో, సంగటిముద్దలో ఉండే దుమ్ము
ఆడ మాత్రం లేదని ఎట్లంటాను?

కాచుకున్నాం. ఒంటిగంట.
ఆమె కొంగు కప్పుకొని నిద్రపోయింది, లేచింది.
పెన్న దిక్కునుంచి గాలి తిరిగింది.
దాని ఎనకాలే ఎర్రగా లేచిన ఇంకో చుక్క
నడినెత్తికి వచ్చేసరికి సున్నమంత తెల్లబడింది.
ఇది మారలేదు.

సూర్యునికంటే చిన్నదంట, వేడీ తక్కువేనంట.
మెల్లగా మండుతాది గనక
సూర్యుడు ఆరినాక గూడ చానా కాలం ఉంటాదంట.
పీరమ్మ ఆశ్చర్యపోలేదు.
"సన్నమంట పెట్టేదానికి కట్టెలు మిగుల్తాయి."

ఈ వెలుతురు అక్కడ బయలుదేరి పదహారేళ్ళు.
ఆ ఏడు నాకు దగ్గు లేదు.

అద్దానికి మూత పెట్టి,
నోటుబుక్కు మీద పిండి ఊదేసి రాసినా:
తేదీ. గంట. ఆకాశం, ఒక మోస్తరు.
రంగు అనే గడిలో చానాసేపు పెన్ను ఆగింది.
దానిదే, అని రాసినా.
ఆరుకు షిఫ్టు.