వెనకబాటు

గురప్ప కంప్యూటర్ తొమ్మిది రోజులుగా
చిత్తూరు గాంధీ రోడ్డులో, నా టేబుల్ మీద మూలుగుతోంది.
వాలెట్ కండ్లు తెరిచేదానికే పావుగంట.
తెరిచి, మళ్లీ అదే మాట:
మూడేళ్ల పదకొండు వారాలు వెనకున్నాను.

"దుడ్లు ఉండాయా, పొయినాయా దిల్షాదమ్మా?"

ఉండాయి.
దీనికి ఒకరి కూడికల మీద గురి లేదు, అంతే.
లోకంలో చేతులు మారిన ప్రతి చిల్లరా
మొదటి పేజీ నుంచి తనే కూడుకోవాల.
బెల్లం మండీలో కన్నప్ప మొదలియారు మాదిరి:
బయట ఎద్దులు గడ్డంతా మేసేసినా
నిన్నటి మొత్తం నమ్మడు.

తిరుగుడు డిస్కు ఊడబీకినాను.
ఎస్ఎస్‌డి బిగించి లెక్కలన్నీ దాంట్లోకి మార్చినాను.
క్యాష్‌కు నాలుగు జీబీ.
క్యాష్ అంటే దుడ్లు కాదు గురప్పా,
గుర్తు పెట్టుకునే జాగా.
యాంటీవైరస్‌కు చెప్పినాను,
ఆ ఫోల్డరు జోలికి పోవద్దని.

రాత్రి రెండు. తేదీలు పరిగెత్తుతుండాయి.
గురప్ప స్టూలు ముందుకు జరుపుకున్నాడు.
గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ పగిలిన జూన్
వచ్చింది,
పోయింది.

కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని అన్నాడు:
"నలభై రోజులు ఆస్పత్రిలో ఉంటి."

దీనికి ఆరు నిమిషాలు.

యూపీఎస్ ఒకసారి కూసింది.
ఇంకా రెండేళ్లుంది.