రెండు కుంచాలు

మందస సంతలో మా నాన్నకి రెండు కుంచాలుండేవి.
జీడిపిక్కలు కొనడానికొకటి,
ఉప్పు అమ్మడానికొకటి.
రెండూ ఇత్తడివే, కవలల్లా ఉండేవి.
తేడా అడుగున ఉండేది.
ఆ అడుగులోంచే నా కాలేజీ ఫీజు,
నా మొదటి వాచీ,
ఎవరమ్మా నువ్వంటే చెప్పుకునే ఈ ఉద్యోగం.

సొంబరీ,
తొమ్మిదో తరగతి బెంచీ మీద నీ పక్కన కూర్చున్నాను కాబట్టి
నాకు పట్టింపుల్లేవని ముప్పయ్యేళ్లు చెప్పుకు తిరిగాను.
పెళ్లిళ్లలో, స్టాఫ్ రూముల్లో
"మా సవర స్నేహితురాలు" అంటూ
పతకంలా నిన్ను తీసి చూపించాను.
హాజరు పిలిచేటప్పుడు
నా ఇంటిపేరు ఒట్టి ఇంటిపేరు;
నీది పిలిస్తే క్లాసంతా తిరిగి చూసేది.
నేనూ చూశాను.
నువ్వది చూశావేమో, అడగలేదు.

నీకు మూడు భాషలొచ్చు.
మూడోదైన తెలుగులో మాట తడబడితే
"ఏటనుకోకు" అనేదానివి.
మీ ఇంట్లో ఎన్ని ఆనపబుర్రల నీళ్లు ఖాళీ చేశానో,
నీళ్లని మీరేమంటారో మాత్రం నాకు తెలీదు.
మా ఇంట్లో నీ గ్లాసు
పెరటి గోడ మీద బోర్లించి ఉండేది.
అమ్మే పెట్టింది, నిజమే.
తీసి లోపల పెట్టని చెయ్యి నాది.

నాన్న పోయాక, ఆ కొనే కుంచం
సంచీలో వేసుకుని మీ ఊరెక్కాను.
ఏం చెప్పాలో దారంతా వల్లించుకున్నాను.
నువ్వు చెయ్యి లోపలికి పెట్టి,
అడుగు తడిమి,
"మాయమ్మకి ఎరికే" అన్నావు.
"సంత రోజు ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువే మోసీది.
గొడవెందుకని."

వల్లించుకున్నదంతా
జీడిసొన పడ్డట్టు గొంతులోనే పొక్కిపోయింది.
క్షమించావా అని అడగబోయి ఆగాను.
అదీ పెద్ద కుంచంతో కొనడమే.

కుంచం నువ్వు ఉంచుకోలేదు.
"నీ కాడే ఉండనీ" అన్నావు.
దిగొచ్చే ముందు, నీళ్లనేమంటారని అడిగాను.
చెప్పావు. పలికాను. పకపకా నవ్వావు.
సరిగా పలికానో లేదో చెప్పలేదు.

ఆదివారం మా తమ్ముడు
అన్నం కలుపుకుంటూ ఎప్పటి కొండోళ్ల జోకే వేశాడు.
ఎప్పటి నవ్వే నా పెదాల దాకా వచ్చింది.
లేచి వెళ్లి, కుంచం తెచ్చి
కూరగిన్నెల మధ్య పెట్టాను.
"దీని అడుగు తడుము."

వాడు తడమలేదు.
ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
పులుసు చల్లారిపోయింది.
నేను లేవలేదు.