మాత్రల లెక్క

బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో నా పని దారాలు కత్తిరించడం.
రోజుకి ఆరువందల చొక్కాలు,
ఒక్కో చొక్కాకి పద్దెనిమిది చోట్ల వేలాడే కొసలు.
సాయంత్రం నాలుగయ్యేసరికి
ఎవరో నా తల చుట్టూ నాడా వేసి
బిగిస్తా పోతారు, ముడి మాత్రం వెయ్యరు.
మొదట్లో వారానికో రోజు.
తర్వాత ఆదివారం కూడా సెలవు లేదు దానికి.

నా ఒక్క తలకి
తలకో కారణం చెప్పినారు.
ఓనరు గౌరమ్మ దిష్టి అనింది,
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది;
ఆ ఘాటుకి తలనొప్పితోపాటు దగ్గు.
మా ఆయన కళ్ళజోడు అన్నాడు.
వెయ్యీ నూరు పెట్టి కొన్నాక
నొప్పి అట్లే ఉండాది,
ట్యూబులైటు మీద దుమ్ము మాత్రం బాగా కనిపిస్తాంది.

మెడికల్ షాపు పిల్లోడొక్కడే ఏ కారణమూ అడగలేదు.
నన్ను చూడంగానే పట్టీ తీసి
నాలుగు మాత్రలు కత్తిరించేవాడు.
ఆ కత్తెర చప్పుడుకే సగం దిగేది.

ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మూడు గంటల వరస.
డాక్టరమ్మ కన్నడంలో అడిగింది,
నేను సగం కన్నడం సగం మదనపల్లెతో చెప్పినా.
ఎన్ని గంటలు నిద్రపోతావు,
పొద్దున ఏం తింటావు,
నిద్రలో పళ్ళు కొరుకుతావా,
నీళ్ళు?
నవ్వొచ్చింది నాకు.
నీళ్ళు తాగితే బాత్రూముకి పోవాల,
పోవాలంటే టోకెన్ కావాల,
నలభై మందికి రెండు టోకెన్లు.
ఆమె నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది.
బీపీ చూసింది, కళ్ళలోకి లైటు వేసింది,
మెడ పట్టుకొని అటూ ఇటూ తిప్పింది.

చివర్న, నెలకి ఎన్ని రోజులు మాత్ర మింగుతావు, అనింది.
వేళ్ళు మడిచినా.
రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు అయిపోయినాయి.

నొప్పికని వేసుకుంటావు,
వేసుకోంగ వేసుకోంగ ఆ మాత్రే రేపటి నొప్పి తెస్తుంది, అనింది.
నాకు అర్థమైంది.
పోయినేడు అసలు కదలకుండా
వడ్డీ కట్టను ఇంకో వడ్డీకి తెచ్చినా.

ఆపు, తొలి రెండు వారాలు నొప్పి ఎదురు తిరుగుతుంది,
తట్టుకోలేకపోతే నా దగ్గరికి రా,
షాపుకి కాదు.
లేచి తలుపు దాకా వచ్చినాక మళ్ళీ పిలిచింది.
ఇది ఓర్చుకో. అన్ని తలనొప్పులూ ఓర్చుకునేవి కావు.
పిడుగు పడినట్టు ఒక్కసారిగా వస్తే,
జ్వరంతో మెడ కొయ్యబారితే,
మాట తడబడినా, చెయ్యి జారినా,
చూపు రెండుగా చీలినా,
పడి దెబ్బ తగిలాక మొదలైనా
పొద్దు చూడొద్దు, వరస చూడొద్దు.

ఆ రోజు నుంచి గోడ క్యాలెండరు మీద
దర్జీ సుద్దతో గీతలు.
నొప్పికి నీలం, మాత్రకి తెలుపు.
తొలి వారం మాటలు చెప్పలేను.
గుడ్డ కట్టుకొని, వాంతి చేసుకొని,
మా ఆయన మీద కేకలేసి గడిపినా.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం
నాలుగో లైనులో సువార్తమ్మ
అబ్బా అని తల పట్టుకుంది.
టీ తాగు తగ్గిపోతాది, అన్నాడు సూపర్‌వైజరు.
ఆమె ఏదో అనబోయింది.
మాట నోట్లోనే ముద్దయింది,
ఎడమ చేతిలో కాజా బట్ట కింద పడింది.
నా చేతిలో కత్తెర ఉండాది, టోకెన్ లేదు.
అడక్కుండానే లేసినా.
ఆటోలో ఆమె తల నా భుజం మీద,
సిల్క్ బోర్డు సిగ్నల్ కాడ
నూటాముప్పై సెకన్లు, ఒక్కోటే.

ఇప్పుడు ఆమె ఎడమ చేత్తో రబ్బరు బంతి నొక్కుతాంది,
సగం దాకా మూసుకుంటాయంట వేళ్ళు.
ఆ ఒక్క పూట జీతం నాకు కోసినారు.

ఈ నెల క్యాలెండరులో తొమ్మిది నీలం గీతలు.
తెలుపు రెండు.
సీటు కింద సీసాలో నీళ్ళు పెట్టుకున్నా.
మూడో టోకెన్ కావాలని
లైన్లో పదకొండు మందిమి అర్జీ రాసినాం,
వేలిముద్ర వేసేవాళ్ళు ఇంకా ముగ్గురు రావాల.