రెండో చివర

లియెక్సాలో, గ్రంథాలయం కింది నేలమాళిగలో
ఊరుమ్మడి మగ్గాలు నాలుగు.
తాళంచెవి నా దగ్గరుంటుంది.
షరతులు రెండే:
గుడ్డలు ఉతికి తేవాలి. ఏడుస్తూ కత్తెర పట్టకూడదు.
చెయ్యి వణికితే బనీను గుడ్డ పక్కకు పోతుంది.

నవంబరులో, మూడింటికే చీకటి పడ్డ రోజు
తైస్తో వచ్చాడు. రంపం మిల్లులో ముప్పయ్యేళ్ళు చేసి
కుడిచేతి రెండు వేళ్ళు అక్కడే వదిలి వచ్చినవాడు.
బంగాళదుంపల గోతాం నిండా టీషర్టులు.
"తమ్ముడివి. ఓయివా. సెప్టెంబరులో పోయాడు.
పారెయ్యబుద్ధి కాలేదు.
తొడుక్కోబుద్ధీ కాలేదు."

పందొమ్మిదేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవని
ఊరందరికీ తెలుసు. ఎందుకో మాత్రం
తలా ఒకటి చెబుతారు; పడవ, అంటారు ఎక్కువమంది.

కోయడం నేర్పాను.
కింది అంచు కుట్టు తీసెయ్. బల్ల మీద పరువు.
రెండు వేళ్ళ వెడల్పు
(నీకున్న వేళ్ళు చాలు, అన్నాను. నవ్వాడు)
చుట్టూ తిప్పుతూ, తెగనివ్వకుండా,
దుంప తొక్క తీసినట్టు చంకదాకా.
ఇప్పుడు రెండు కొసలూ పట్టి లాగు.
చూశావా, అంచులు లోపలికి ముడుచుకుని
గుడ్డ తాడైపోయింది.
ఒక చొక్కాకి ఒక ఉండ.
గుండెల మీది బొమ్మ మాత్రం మిగిలిపోతుంది;
రంగు అద్దిన చోట గుడ్డ ముడుచుకోదు.

ఆ బొమ్మల్ని బల్ల మీద పేరుస్తూ
తమ్ముణ్ణి చదవడం మొదలుపెట్టాడు.
రక్తదానం, ఇరవై ఐదోసారి.
"సూదిని చూస్తే పరిగెత్తేవాడు వీడు!"
స్కీ పందెంలో పానీయాలు అందించినవాళ్ళకిచ్చే నీలం చొక్కా
ఏటా ఒకటి చొప్పున, పదకొండు.
మూతబడ్డ రంగుల కొట్టు.
టాంగో తరగతి, మొదటి మెట్టు.
టాంగో తరగతి, మొదటి మెట్టు, మరుసటేడు.
అక్కడ కాసేపు ఆగాడు.
"పాసవలేదన్నమాట."

గోతాం అడుగున పసుపుపచ్చది.
మిల్లు ఫుట్‌బాల్ జట్టు, ఎనభై ఏడు, వీపున ఏడో నంబరు.
తైస్తో నంబరు.
ఆరేసిన తాడు మీంచి మాయమైన చొక్కా.
నువ్వే తీశావు. తియ్యలేదు.
ఆ మాట మీద మరో మాట, దాని మీద పడవ.
చంక దగ్గర చిరుగు.
పసుపు దారం దొరకలేదేమో,
తెల్లదారంతో, ఓపిగ్గా, రఫూ చేసి ఉంది.

తొడుక్కుని చూశాడు. తల పట్టింది. పొట్ట పట్టలేదు.
సగం పసుపుగా మగ్గాల మధ్య నిలబడి
చేతులు పైకెత్తి "లాగు," అన్నాడు.
లాగాను.
మిగతావి ఇద్దరం కోశాం. అది తనొక్కడే.
చెయ్యి వణికింది. షరతు నేను గుర్తుచెయ్యలేదు.
ఒకచోట సన్నం, ఒకచోట లావు.
రఫూ దగ్గరికొచ్చాక కత్తెర కింద పెట్టేశాడు.

చలికాలమంతా నేశాడు.
పడుగు నూలు నాది, పేక ఓయివాది.
మొదట్లో ఆ చేతిలోంచి నాడె జారి నేల మీద మోగేది.
క్రిస్మస్ దాటాక మోగలేదు.
నీలం, నీలం, నీలం, టాంగో ఎరుపు, నీలం.
నడుమ ఒక్క పసుపు చార, వంకరగా.
బొమ్మలు ఏం చేస్తావంటే "దిండు," అన్నాడు.
ఇంకా కుట్టలేదు.

జూన్‌లో సరస్సు ఒడ్డు బల్లల మీద
ఊరంతా తివాచీలు రుద్దుతుంటే
తనదీ భుజాన వేసుకొచ్చాడు.
నిన్న మగ్గం దిగినదాన్ని ఇవాళ ఉతకడమెందుకని
నేనడగలేదు.
పైన్ సబ్బు, తారు వాసన, మోకాళ్ళ కింద తడి చెక్క.
నానిన తివాచీ దూడంత బరువు.
ఎంత బలమున్నా ఒక్కడివల్ల పిండడం కాదు.
ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు.
రెండోది నీళ్ళు కారుస్తూ బల్ల మీద పడి ఉంది.

వెళ్ళి పట్టుకున్నాను.
ఎదురెదురుగా నిలబడి
ఎవరి కుడికి వాళ్ళం తిప్పాం.
నీళ్ళు మొదట నీలంగా, తరవాత ఏ రంగూ లేకుండా కారాయి.
"వదలకు," అన్నాడు తైస్తో,
జారుతున్నది తన చేతిలోనే అయినా.