ముప్పై మీటర్లు

సొహార్ సముద్రం ఒడ్డున, నాలుగు గొట్టంగ,
లైటు స్తంభాల కింద ఉరుకుతం నేనూ రాజేశం.
ఆగస్టు గాలి తడి తువ్వాల లెక్క మొఖానికి అంటుకుంటది.
చేపల మార్కెటుకు పడవలింకా రాలె.

వాడు మా చిన్నమ్మ కొడుకు.
కింది మంచం వానిది, మీది మంచం నాది.
ఒకటే గంజుల ఉడికిన అన్నం,
ఒకటే స్మెల్టరుల పన్నెండు గంటల డ్యూటీ.
క్యాంపుల షుగరోళ్లు ఎక్కువైన్రని
కంపెనీ ఇద్దరికీ ఒకటే రంగు బూట్లిచ్చింది.

పదహారు వారాలు.
ఫిజియో బిన్సీ విజిలూదుతది,
పన్నెండు నిమిషాలల్ల ఎంత పోతే అంత రాసుకుంటది.
రాజేశం రెండు వేల నూట పది నుంచి
రెండు వేల ఏడు వందల నలభై.
నేను రెండు వేల అరవై నుంచి
రెండు వేల తొంభై.

ముప్పై మీటర్లు.
మా రూము నుంచి నీళ్ల కూలరు కాడికి
గంతే దూరం.

సూపర్‌వైజరు నవ్విండు, "దొంగ ఉరుకుడు ఉరుకుతున్నవ్" అని.
రాజేశానికే కోపమొచ్చింది:
"నా పక్కనే ఉరికిండు సార్.
నేనన్న రెండు రోజులు ఎగ్గొట్టిన, వీడు ఒక్కటి గూడ లేదు."

బిన్సీ నన్ను కూసోమన్నది.
సగం హిందీ, సగం తెలుగు, నడుమ నడుమ మలయాళం:
"కసరత్తు ఒకటే. వినే ఒళ్లు ఒకటి గాదు.
కొందరి గుండెకు ఒక్కపారి చెప్తే చాలు.
కొందరిది చెవిటి గుండె.
పుట్టుకతోని వచ్చిన చెవుడు, బద్ధకం గాదు.
ఒక్క తాత మనవలైనా
రక్తంల ఎవని వాటా వానిదే."

చెవిటి గుండె.
ఆ మాట పట్టుకొని మెట్‌పల్లి బీడీల కార్ఖానకు పోయిన.
అమ్మ చాట, పక్కన ఎల్లవ్వ చాట.
ఒకటే తునికాకు, ఒకటే తంబాకు, ఒక్క తీరు కత్తెర.
పొద్దుగూకేసరికి ఎల్లవ్వవి వెయ్యి,
అమ్మవి ఆరు వందలు.
పదకొండేండ్లు చుట్టినా ఆరు వందలే.
ఠేకేదారు చాటను కాలుతోని జరిపి
"పనిదొంగ" అన్నడు.
నేను పక్కనే కూసొని బీడీల మూతులు ఒత్తుతున్న.
నేను గూడ అట్లనే అనుకున్న.

అన్నం తింటుంటే
అది గొంతుల అడ్డం పడ్డది.

కాయితం అడుగున ఇంకో గీత ఉండె, ఎవ్వలూ చదువలె.
పరగడుపు షుగరు నాది
నూట నలభై రెండు నుంచి నూట ఎనిమిదికి దిగింది.
రాజేశానిది ఉన్నకాడనే ఉన్నది.
గెలిచిన గడియారం చేతికి పెట్టుకొని
వాడు ఆ గీత దిక్కే చూసిండు,
నన్నేమీ అడుగలె.
నేనూ చెప్పలె.

రేపు గూడ నాలుగు గొట్టంగ లేస్తం.
మూడో స్తంభం దాటంగనే
వాని మడిమెలు చీకట్ల కలుస్తయి.
నేను నా లెక్కల నేను,
ఆకు మీద ఆకు కత్తిరించినట్టు
అడుగు మీద అడుగు:

ఆరు వందల ఒకటి.
ఆరు వందల రెండు.