పదారో ఎక్కం

జుబైల్‌ల రాత్రి పదకొండు.
యార్డు ఖాళీ చేయించి, చుట్టూ తాడు కట్టి
డాంటే ఇరిడియం గోలీని పైపు మీదికి తోలుతడు.
అతుకు లోపల ఏమున్నదో ఫిలిం చూస్తది.
నా వంతు, అది కంటెయినర్‌కు వచ్చినంక.

తలుపు. తలుపు ఎనుక నల్ల పరద. దానెనుక ఇంకో పరద.
చేతికి గడియారం పెట్టుకోను.
ముండ్ల మీది ఆకుపచ్చ మెరుపుకు గూడ
ఫిలిం మచ్చ పడుతది.
ఆర్మూర్ బడిల రత్నాబాయి టీచర్
తొడపాశం పెట్టి నేర్పిన ఎక్కమే నా గడియారం.
పదారొకట్ల పదారు. హ్యాంగర్‌కు ఒక తట్టు.
పదార్రెండ్ల ముప్పైరెండు.
ఏడుసార్లు అప్పజెప్తే
డెవలపర్‌ల అయిదు నిమిషాలు.

మందు ఇరవై డిగ్రీలుండాలెనని డబ్బా మీద రాసుంటది.
రాసినోడు ఆగస్టుల జుబైల్‌కు రాలే.
ఇక్కడ నల్లా తిప్పితే చాయ్‌పత్త వేసుకోవచ్చు.
బకాలాల ఐసు సంచులు కొని
ట్యాంకు చుట్టూ పేరుస్త, పెండ్లిల కూల్‌డ్రింకుల లెక్క.
ఐసు దొరకని నాడు నాలుగు ఎక్కాలకే పైకి తీస్త.
కురువిళ సార్ దీపప్పెట్టె మీద ఫిలిం పరిచి
"లింబాద్రీ, నిన్న ఐసు లేదా?" అంటడు.
గాయన కన్ను గసొంటిది.

నన్ను తీసేసేటందుకు
శానా వచ్చినయి అంతకుముందు.
రోలర్ల మిషిన్ వచ్చింది. ఇటు పెడితే అటు ఎండి వస్తదన్నరు.
ఉప్పుగాలికి మూడు నెలలల్ల పండ్లరిగింది.
చేతులు తొడుక్కునే నల్లసంచి పెట్టె వచ్చింది,
ఎండల నిలబడే కడగొచ్చని.
మోచేతి చెమట కారి ఫిలిం మీద వాన పడ్డది.
పొట్లంల ఫిలిం వచ్చింది, సూదితోని మందెక్కిచ్చి పిసుకుడు.
డాంటే దాన్ని కెచప్ అన్నడు.
అన్నీ స్టోర్ల మూలకు పోయినయి.
నేను పరద ఎనుకకు పోయిన.

ఇయాల తవిటినాయుడు వచ్చిండు,
శ్రీకాకుళం పిల్లగాడు, చేతిల ఒక పలక.
"మందు నేదు, నీళ్లు నేవు,
సీకటి అక్కర్నేదన్నా."
మిషిన్ పలకను మింగింది. తెర మీద అతుకు.
లోపలి గాలిబుగ్గను వేళ్లతోని గుంజి గుంజి
అన్నం పళ్లెమంత చేసిండు.
నేను తొమ్మిదేండ్లు కడిగిన గాని
గంత దగ్గరగా ఎన్నడు చూడలే.

"మరి దీంట్ల బొమ్మ?" అన్న, పలకను చూపి.
నవ్వి తెల్లటి వెలుగుల పెట్టిండు.
"సెరిగిపోతాది. మళ్లా వాడుకోవచ్చు."

ఏ వెలుగు రావొద్దని
తలుపు సందులల్ల తువ్వాల కుక్కిన్నో
ఆ వెలుగే దీనికి సబ్బు.

మూడో నంబర్ స్టోర్ల, ఏదో అట్టపెట్టెల,
నలభైరెండో అతుకు ఫిలిం మీద
నా బొటనవేలు ఉన్నది.
తడిచేత్తో పట్టిన తప్పు.
అంచుకున్నదని సార్ ఇడిచిపెట్టిండు.

గుల్ జమాన్‌కు ఫోన్ చేసి చెప్పాలె, ఇగ డ్రమ్ములు తేవద్దని.
ఫిక్సర్ నీళ్లు కొనుక్కపోయి వెండి పిండేటోడు.
ఒక్కసారి చిక్కుడుగింజంత ముద్ద తెచ్చి
అరచేతిల పెట్టి, "ఇది నీ నలుపే భాయ్" అన్నడు.
బరువు చూసి వాపసిచ్చిన.

పరదలు దించిండ్రు. హెల్మెట్లు పెడుతరట ఆడ.
ఎండ లోపలికొచ్చి ట్యాంకు మరకల మీద కూసున్నది.
ముక్కుకు పులుపు వాసన ఇంక పోలే.

నాయుడు ఇంకో పలక పెట్టిండు.
"తొంభై సెకండ్లన్నా."
పదారొకట్ల పదారు...
"ఏటంతన్నావు?"
"ఏం లే."
రెండోసారి పదారు తొమ్ముదుల కాడ ఉన్న,
బొమ్మ వచ్చేసింది.