నూట యాభై గజాలు

దేవరకొండ బస్టాండు వెనక, తిత్తి ఊది
గుండిగ కాగినంక నవాసారం చల్లేటోడు నాయన.
తెల్లటి పొగ. తగరపు కడ్డీ ఇట్ల తాకించి
దూదితో ఒక్క తుడుపు.
ఇత్తడి లోపల మా మొఖాలు మొలిచేవి.

అంతకు ముందటి పని నాది.
గుండిగల దిగి, గోనెపట్ట కింద ఇసుక పోసుకొని
గోడ పట్టుకొని నడుము తిప్పుడు,
కుడికి, ఎడమకు, మళ్లా కుడికి.
బజారు పోరగాండ్లు డాన్సని నవ్వితే
ఇంకింత తిప్పేదాన్ని.
"మొఖం తేలనీ జైబూ,
మొఖం తేలకపోతే తగరం అంటదు."

ఇప్పుడు నల్లగొండల, లతీఫ్ సాహెబ్ గుట్ట కనబడే కిటికీ పక్కన
నాకు మిగిలింది చిటికెడు నల్లపొడి.
అల్యూమినా మీద రాగి.
గాజు గొట్టంల ఇటునుంచి పొగవిషం పంపితే
అటు మామూలు గాలై రావాలె.
రాగి మాత్రం రాగిలెక్కనే ఉండాలె,
పెండ్లి కుదిర్చి
అన్నం తినకుంట లేచిపోయే పెద్దమనిషి తీరు.

పదకొండు దినాలు.
గీత లేవలేదు, ఎండిన డిండి కాలువ లెక్క పండుకుంది.
గైడు సారు వేరే టాపిక్ చూసుకొమ్మన్నడు.

కండ్ల దవాఖానకొచ్చిన నాయన
చెప్పులు బయట విడిచి స్టూలు మీద కూసున్నడు.
గొప్పకు చెప్పిన:
"ఈ పొడి ఒక్క గ్రాము విప్పి పరిస్తే నూట యాభై గజాలు నాయనా,
అంత మడతల్లనే ఉంటది."
నలభై ఏండ్లు కిరాయి గదుల్ల బతికిన మనిషి
సీసాను వెలుగుకు పెట్టి చూసి
"రిజిస్ట్రేషన్ ఎవలి పేరు మీద?" అన్నడు.
నవ్వినం.
నవ్వు ఆగినంక అడిగిండు:
"ఏ నీళ్లతోని కడిగినవ్?"

డిస్టిల్డ్ వాటర్ మిషను ఖరాబైన వారం అది.
బోరు నీళ్లు.

"మర్రిగూడ దిక్కు నీళ్లు తగిలితే
నా కళాయి చారలు కట్టేది."
అంతే. బస్సు టైమైందని లేచిండు.

నూట యాభై గజాల్ల ఒక్క జానెడు ఖాళీ లేదన్నమాట.
బోరులోని ఉప్పులు నాకన్న ముందొచ్చి కబ్జా పెట్టినయి.
రాగి ఏం చేస్తది, నిలబడ జాగ లేక.

రాత్రి కొత్త పొడి చేసిన.
కొన్న నీళ్లతోని ఏడుసార్లు కడిగిన.
గాజుబుడ్డి తిప్పుతుంటే
నడుము తనంతట తనే తిరిగింది, కుడికి, ఎడమకు.
వాచ్‌మన్ అంజిలయ్య తలుపులకెళ్లి చూసి
ఏం అనకుంట పోయిండు.

గొట్టం కాగుతున్నది. నూట ఎనభై డిగ్రీలు.
గీత ఇంకా లేవలేదు.
మొఖం తేలనీ అని
కూసున్న.